కడుపు నొప్పికి గ్యాస్ బిళ్ళ, స్పాజమ్ బిళ్ళ రెండూ కలిపి ఎందుకు రాస్తారు?

మీరు అడిగింది ఇదీ: వయసు 34, హైదరాబాద్‌లో కూర్చుని చేసే ఉద్యోగం. నెలకు రెండు మూడుసార్లు కడుపు పట్టేస్తుంది, ఉబ్బరం, రొమ్ము ఎముక కింద మంట. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా పొద్దున ఒక గ్యాస్ క్యాప్సూల్, మూడు పూటలా ఒక నొప్పి బిళ్ళ, ఒక గులాబీ రంగు సిరప్. ఏడాది నుంచి ఆ పాత చీటీతో మీరే కొనుక్కుంటున్నారు. రెండు రకాలూ కలిపి ఎందుకిస్తారు, ఎన్నాళ్ళు వాడొచ్చు, ఆఫీసు పనిమీద ఊళ్ళు తిరిగేటప్పుడు బ్యాగులో ఏది ఉంచుకోవాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మంట, మెలిపెట్టే నొప్పి రెండూ నిజంగా ఉన్న మనిషికి మూడు నుంచి ఐదు రోజులు కలిపి ఇవ్వడంలో తప్పు లేదు. నేనూ రాస్తాను. ఏడాదిగా అదే చీటీ నడుస్తోందంటే మాత్రం మీ జబ్బు పేరేంటో ఇంకా ఎవరూ తేల్చలేదని అర్థం. పైగా మీ చీటీలో ఉన్న మందుల్లో ఒకటి ఇంకోదాని పని చెడగొడుతోంది. అదెలాగో కింద చెప్తాను.

నేను జనరల్ ఫిజీషియన్‌ని. గుంటూరుకు గంట దూరంలో ఉన్న ఒక పట్టణంలో ఇరవై ఎనిమిదేళ్ళ ప్రాక్టీసు, అంతకుముందు మూడేళ్ళు పీహెచ్‌సీలో. మా దగ్గర "గ్యాస్" అనే మాటకు హద్దు లేదు. నడుం పట్టినా గ్యాసే, ఎడమ చెయ్యి లాగినా గ్యాసే, కళ్ళు తిరిగితే "గ్యాస్ తలకెక్కింది సార్". అందుకని మాటకంటే చెయ్యి చూడటం అలవాటు చేసుకున్నాను. "ఎక్కడో చెయ్యి పెట్టి చూపించండి" అంటాను. మంట ఉన్నవాళ్ళ చెయ్యి బొడ్డు పైనుంచి గొంతు దాకా పాకుతుంది. మెలిపెట్టే నొప్పి ఉన్నవాళ్ళు బొడ్డు చుట్టూ చెయ్యి తిప్పి, తడిగుడ్డ పిండినట్టు పిడికిలి బిగిస్తారు. ఉబ్బరం ఉన్నవాళ్ళు రెండు అరచేతులతో పొట్టను మోస్తున్నట్టు పట్టుకుంటారు. ఒక్క వేలితో ఒక్కచోటే గుచ్చి చూపించేవాళ్ళని మంచం మీద పడుకోబెట్టి నొక్కి చూడకుండా పంపను. ఇది పరీక్షలకు బదులు కాదు గానీ, ఏం రాయాలో సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎందుకంటే ఈ రెండు రకాల మందులు పనిచేసే చోట్లే వేరు. పేగు గోడలో కండరం ఉంటుంది. అది తిండిని ముందుకు తోయడానికి బిగుస్తూ వదులుతూ ఉంటుంది. బిగిసి వదలకపోతే మెలిపెట్టినట్టు నొప్పి. డైసైక్లోమిన్, బస్కోపాన్ పేరుతో దొరికే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ లాంటివి ఆ కండరానికి నరం పంపే కబురును అడ్డుకుంటాయి. డ్రోటావెరిన్, మెబెవెరిన్ నేరుగా కండరాన్నే వదులు చేస్తాయి. వీటన్నిటినీ మందుల షాపులో "స్పాజమ్ బిళ్ళ" అంటారు. ఇవి కడుపులో అప్పటికే ఉన్న ఆమ్లాన్ని చల్లార్చవు. అటు జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు ఉన్న ఆమ్లాన్ని నిమిషాల్లో విరిచేస్తాయి. పాంటోప్రజోల్ లాంటివి ఆమ్లం ఊరే పంపునే ఆపుతాయి, పూర్తి ఫలితానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఇవేవీ పేగు మెలిని విప్పవు.

అయితే ఈ రెండింటినీ కలిపే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? దీని వెనక ఒక పాత కథ ఉంది. 1976లో ఇంగ్లండులో ఆమ్లం తగ్గించే సిమెటిడిన్ అనే మందు మార్కెట్లోకి వచ్చేదాకా ఆమ్లం ఊరడాన్ని తగ్గించడానికి డాక్టర్ల చేతిలో పెద్దగా ఆయుధాలు లేవు. నరం కబురును అడ్డుకునే మందులు పేగు కండరంతోపాటు ఆమ్లాన్ని కూడా కొంత తగ్గిస్తాయి కాబట్టి, అల్సర్‌కి వాటినీ యాంటాసిడ్‌నీ కలిపి ఇచ్చేవారు. అప్పటికి అదే మెరుగైన వైద్యం. ఇంగ్లండులో కొలాంటికాన్ అనే జెల్‌లో డైసైక్లోమిన్, అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం ఆక్సైడ్, గాలి బుడగల్ని విరిచే సిమెథికోన్ నాలుగూ ఒకే సీసాలో ఉండేవి. తర్వాత 1988లో పాంటోప్రజోల్ కుటుంబానికే చెందిన ఒమెప్రజోల్ వచ్చింది. అల్సర్లలో చాలావాటికి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా మూలమని తేల్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ కూడా వచ్చింది. వైద్యం మారిపోయింది, చీటీ రాసే చెయ్యి మాత్రం పాత జోడీని వదల్లేదు. ఎదురుగా నలభై మంది రోగులు క్యూలో ఉన్నప్పుడు "రెండూ వేస్తే ఏదో ఒకటి తగులుతుంది" అన్న ధోరణి కూడా ఉంది, దాచడం దేనికి. నేనూ ఆ క్యూలోంచి వచ్చినవాణ్ణే.

ఇక మీ చీటీ. మీరు షీటు వెనక ఉన్నవన్నీ రాసి పంపడం మంచిదైంది.

పొద్దున వేసుకునే క్యాప్సూల్లో పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాములు, డోంపెరిడోన్ 30 మిల్లీగ్రాములు ఉన్నాయి. పాంటోప్రజోల్ సంగతి సరే, పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే దానికి విలువ. మీరు టిఫిన్ తిన్నాక వేసుకుంటున్నానన్నారు, అది సగం వృథా. డోంపెరిడోన్ వేరే మందు. కడుపును త్వరగా ఖాళీ చేయించి తిండిని కిందికి తోసేది. మరి మూడు పూటలా మీరు వేసుకునే రెండో బిళ్ళలో ఉన్న డైసైక్లోమిన్ ఏం చేస్తుంది? కడుపు, పేగుల కదలికను నెమ్మదిస్తుంది. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టు, ఒకే పొట్టలో ఒక మందు తోస్తుంటే ఇంకో మందు ఆపుతోంది. ఇలాంటి చీటీలు నాకు వారానికి నాలుగైనా కనిపిస్తాయి. డోంపెరిడోన్‌తో గుండె లయ తప్పే ప్రమాదం ఉందని ఐరోపా మందుల సంస్థ 2014లో దాన్ని వాంతులకే, మామూలుగా వారానికి మించకుండా వాడమంది. మీకు వికారం, వాంతులు లేవు. అది మీకు అక్కర్లేదు.

రెండో బిళ్ళలో డైసైక్లోమిన్ 10, మెఫెనమిక్ యాసిడ్ 250 మిల్లీగ్రాములు. మెఫ్టాల్ స్పాస్ అంటే అందరికీ తెలిసిన జోడీ ఇదే. నెలసరి నొప్పికి ఇది బాగా పనిచేస్తుంది, నేనూ రాస్తాను. కానీ మెఫెనమిక్ యాసిడ్ అనేది కీళ్ళ నొప్పుల బిళ్ళల కుటుంబానికి చెందినది. అది కడుపు లోపలి పొరను గీరుతుంది. మంట ఉన్న కడుపుకి మంట పెట్టే బిళ్ళ వేసి, ఆ మంటకి పైన గ్యాస్ క్యాప్సూల్ వేయడం మీ ఏడాది కథ. రెండేళ్ళ కిందట ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది, హాస్టల్లో ఏ కడుపు నొప్పి వచ్చినా ఈ బిళ్ళే. నాలుగు రోజులుగా మలం తారులా నల్లగా వస్తోందంటే "ఐరన్ బిళ్ళలవల్ల" అనుకుందట, తీరా అడిగితే ఐరన్ బిళ్ళలు వేసుకోవడం మానేసి ఆర్నెల్లయింది. హిమోగ్లోబిన్ 7.2కి పడిపోయింది. ఎండోస్కోపీలో అల్సర్. మెఫెనమిక్ యాసిడ్‌తో అరుదుగా ఒళ్ళంతా దద్దుర్లు, జ్వరం, లోపలి అవయవాల వాపు వచ్చే డ్రెస్ సిండ్రోమ్ మీద ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు చివర్లో హెచ్చరిక కూడా ఇచ్చింది. అరుదే, కానీ బిళ్ళ వేసుకున్న కొన్ని వారాల్లో జ్వరంతో దద్దుర్లొస్తే గుర్తుండాలి.

మూడోది గులాబీ సిరప్. అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్, సిమెథికోన్. అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది, మెగ్నీషియం విరేచనం చేస్తుంది. రెండూ కలపడంలో కిటుకు అదే. అయితే మీరు నొప్పి బిళ్ళను ఈ సిరప్‌తోనే మింగుతానని రాశారు. అలా చేస్తే యాంటాసిడ్ డైసైక్లోమిన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వకపోవచ్చు. డైసైక్లోమిన్ లేబుల్ మీదే రెండూ ఒకేసారి వద్దని ఉంటుంది. రెండూ అవసరమైన రోజున స్పాజమ్ బిళ్ళ భోజనానికి ముందు, సిరప్ భోజనమయ్యాక గంటకి. పైగా ఖాళీ కడుపున తాగిన యాంటాసిడ్ అరగంటలో కిందికి జారిపోతుంది. తిన్న గంటకి తాగితే మూడు గంటల దాకా పనిచేస్తుంది. థైరాయిడ్ బిళ్ళ వేసుకునేవాళ్ళు దానికీ యాంటాసిడ్‌కీ మధ్య నాలుగు గంటలు ఉంచాలి. ఐరన్, యాంటీబయాటిక్స్ అయిన డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌లకు కూడా ఎడం కావాలి. ఇది షాపులో ఎవరూ చెప్పరు, చీటీలో మేమూ రాయం, రాయాలి.

ఇంకో మాట. మంట ఛాతీలోకి ఎగదన్నే మనిషికి డైసైక్లోమిన్ అసలు మంచిది కాదు. అన్నవాహిక కింది కవాటాన్ని అది ఇంకా వదులు చేస్తుంది, ఆమ్లం పైకి రావడం పెరుగుతుంది. మీ బాధ ప్రధానంగా మంటే అయితే మీ నొప్పి బిళ్ళలో రెండు మందులూ మీకు పనికిరానివే.

కలిపి ఇస్తే ఒక్కదానికంటే మేలు జరుగుతుందా అని నా జూనియర్లు కూడా అడుగుతారు. అమెరికా ఎమర్జెన్సీ గదుల్లో యాంటాసిడ్‌కి నరాల కబురు ఆపే మందు, నోరు మొద్దుబార్చే లిడోకైన్ కలిపి "జీఐ కాక్‌టెయిల్" అని తాగించే అలవాటు చాలాకాలం ఉంది. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో పై కడుపు నొప్పితో వచ్చినవాళ్ళకు ఒట్టి యాంటాసిడ్ ఇచ్చినా అంతే ఉపశమనం వచ్చిందని తేలింది. నా అనుభవమూ అదే. మంటకి స్పాజమ్ బిళ్ళ కలిపినందువల్ల అదనంగా ఏమీ ఒరగదు. విరేచనాలతో పేగులు మెలితిప్పేటప్పుడు, పేగులు తరచూ ఇబ్బంది పెట్టే ఐబీఎస్ ఉన్నవాళ్ళకి నొప్పి లేచినప్పుడు, నెలసరిలో స్పాజమ్ మందు విలువ తెలుస్తుంది. పైన మంటా కింద మెలీ రెండూ ఉండి, తినగానే ఇబ్బంది పడేవాళ్ళు కొందరుంటారు. కలిపి ఇవ్వాల్సింది వాళ్ళకి.

ఉపశమనం వచ్చింది కదా, కడుపు నొప్పేనని నమ్మకండి. ఇది నా తప్పు లోంచి చెప్తున్న మాట. ప్రాక్టీసు మొదలుపెట్టిన రెండో ఏడు, రాత్రి తొమ్మిదింటికి యాభై దాటిన ఒక షావుకారు వచ్చాడు. పెళ్ళి భోజనం చేసి వచ్చాడు, పై కడుపులో బరువు, తేన్పులు. రెండు మూతల యాంటాసిడ్ జెల్ తాగించాను. పది నిమిషాల్లో పెద్ద తేన్పు వచ్చి "హాయిగా ఉంది డాక్టరుగారూ" అన్నాడు. పంపేశాను. తెల్లవారుజామున చెమటలతో మళ్ళీ తీసుకొచ్చారు. ఈసీజీలో గుండె కింది గోడకు ఎటాక్. బతికాడు, అది ఆయన అదృష్టం, నాది కూడా. ఆ రోజునుంచి నలభై దాటి, షుగరో బీపీయో సిగరెట్టో ఉన్న మనిషి పై కడుపు పట్టుకుని వస్తే ఈసీజీ తీశాకే జెల్ సీసా మూత తీస్తాను.

డైసైక్లోమిన్ ఎవరికి ఇవ్వకూడదో చెప్తాను, ఎందుకంటే ఇంట్లో ఒకరి షీటు అందరూ వాడతారు. ఆరు నెలల లోపు పసిపిల్లలకు అసలు వద్దు. ఊపిరి ఆడకపోవడం, ఫిట్స్ రావడం దాకా పోయిన సందర్భాలున్నాయి. పాప ఏడుస్తోందని "కడుపు నొప్పి చుక్కలు" తెచ్చేటప్పుడు సీసా మీద సిమెథికోన్ ఒక్కటే ఉందా, పక్కన డైసైక్లోమిన్ ఉందా చూసుకోండి. కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా ఉన్నవాళ్ళకు వద్దు. ప్రోస్టేట్ వాచిన పెద్దవాళ్ళకు వద్దు. మా వీధిలోనే ఒక రిటైర్డు మాస్టారు కొడుకు బిళ్ళలు రెండు వేసుకుని, రాత్రంతా మూత్రం రాక బాత్రూం చుట్టూ తిరిగి, పొద్దున రిక్షాలో వంగిపోయి వచ్చారు. గొట్టం వేస్తే దాదాపు లీటరు వచ్చింది. అరవై అయిదు దాటినవాళ్ళకు మతిమరుపు, తికమక కూడా వస్తాయి కాబట్టి అమెరికా వృద్ధుల వైద్యుల సంఘం పెద్దవయసువాళ్ళకు వద్దనే మందుల బీర్స్ జాబితాలో దీన్ని మానమనే పెట్టింది.

ఎండ సంగతి మన ప్రాంతంలో మరీ ముఖ్యం, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఈ మందు నోరెండిపోయేలా చేసినట్టే చెమటనూ తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో, చెమట పట్టని ఒంటికి వేడి బయటికి పోయే దారేదీ? మే నెలలో మిర్చి బస్తాలు మోసే ఒక హమాలీ మూడు రోజులుగా విరేచనాలకని ఈ బిళ్ళ వేసుకుంటూ పనికెళ్ళాడు. తీసుకొచ్చినప్పుడు ఒళ్ళు కాలిపోతోంది, చర్మం మాత్రం పొడిగా కాగితంలా ఉంది, నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రావడం లేదు. అందుకని వేసవిలో పొలం పనివాళ్ళకు, మేస్త్రీలకు స్పాజమ్ మందు తప్పదంటే చెమట మీద ఆ ప్రభావం లేని డ్రోటావెరిన్ రాస్తాను, ఓఆర్ఎస్ తాగుతూ రెండు రోజులు నీడపట్టున ఉండమంటాను. ఉంటారా అంటే, అది వేరే సంగతి.

కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకు గులాబీ సిరప్ కూడా అమాయకమైనది కాదు. అల్యూమినియం, మెగ్నీషియం బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయి. మెఫెనమిక్ లాంటి నొప్పి మందులు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి పనులకొచ్చినవాళ్ళు కనిపిస్తే, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా ఈ జోడీలో ఏదీ రాయను.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఒకటుంది: "నెలకు రెండు మూడుసార్లు వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు, బిర్యానీ తిన్న రాత్రుళ్ళు ఎక్కువ." మధ్యలో శుభ్రంగా ఉండి, నూనె ఎక్కువ తిన్న రాత్రి గంట రెండు గంటలు పట్టేసి వదిలే నొప్పి అంటే నేను ముందు అనుమానించేది పిత్తాశయంలో రాళ్ళని. కుడి డొక్కలోకో, కుడి భుజం వెనక్కో లాగుతుందా చూసుకోండి. ఈ నొప్పి దానంతటదే వదులుతుంది, అప్పటికి మీరు బిళ్ళ వేసుకుని ఉంటారు, పేరు బిళ్ళకి వస్తుంది. ఇలా రెండేళ్ళు గ్యాస్ క్యాప్సూళ్ళు మింగి, చివరికి కళ్ళు పచ్చబడ్డాక వచ్చినవాళ్ళని చూశాను. పరగడుపున ఒక అల్ట్రాసౌండ్ స్కాన్ చాలు.

స్కాన్ బాగుంటే పైలోరీ పరీక్ష, మలంతో చేసేదో ఊపిరితో చేసేదో. దానికి ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ ఆపాలి, లేకపోతే ఉన్నా లేదని వస్తుంది. ఆ రెండు వారాలు మంటకి సిరప్ ఒక్కటే. నొప్పి వచ్చిన రోజు ఏం తిన్నారు, ఎన్నింటికి, విరేచనమయ్యాక తగ్గిందా అన్నవి ఫోన్లో రాసుకోండి. డాక్టరుకి మీ పాత చీటీకంటే ఆ నాలుగు లైన్లు ఎక్కువ ఉపయోగం. మందులు అయిదు రోజులు వాడి తగ్గకపోతే మళ్ళీ అవే కొనకండి.

వీటికి మాత్రం స్కాన్ తేదీ కోసం ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి: నల్లటి మలం, రక్తపు వాంతి, కళ్ళు పచ్చబడటం, జ్వరంతో నొప్పి, బొడ్డు దగ్గర మొదలై కుడి కిందికి దిగిన నొప్పి, చెక్కలా బిగిసిన పొట్ట, గాలీ మలమూ రెండూ బిగపట్టడం, వీపులోకి గుచ్చుకుపోయే నొప్పి. ఇలాంటప్పుడు స్పాజమ్ బిళ్ళ వేస్తే లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది, మీకు తెలియడం మాత్రం ఆలస్యమవుతుంది. తెలియకుండా బరువు తగ్గుతున్నా, మింగుడుపడకపోయినా ఎండోస్కోపీ వాయిదా వేయొద్దు.

ఇక బ్యాగు. నమిలే యాంటాసిడ్ బిళ్ళలు ఒక షీటు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు. మీ డాక్టరు చూసి సరేనంటే డ్రోటావెరిన్ నాలుగు బిళ్ళలు, అవి మెలిపెట్టినప్పుడే, రోజుకు రెండు మించకుండా, రెండో రోజుకీ తగ్గకపోతే ఆ ఊళ్ళోనే ఎవరికైనా చూపించుకోండి. మెఫెనమిక్ షీటు బ్యాగులోంచి తీసేయండి. స్కాన్ రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.